రెండుసార్లు అంకెను నమ్మిన వైద్యం: ఒక మెనోపాజ్ కేసు

48 ఏళ్ల ఒక మహిళ 19 రోజులుగా ఆగని రక్తస్రావంతో నా క్లినిక్‌కు వచ్చారు. ఆమె పద్దుల తనిఖీ ఉద్యోగంలో ఉన్నారు. అప్పటికి ఎనిమిది నెలలుగా వేరొక ప్రైవేటు క్లినిక్‌లో మెనోపాజ్ (నెలసరి శాశ్వతంగా ఆగే దశ) లక్షణాలకు హార్మోన్ చికిత్స తీసుకుంటున్నారు. ఆమెకు వచ్చిన సమస్య అరుదైనదేమీ కాదు. అయినా ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. మొదట ఒక రక్తపరీక్షలో అంకె బాగుందని చెప్పి ఆమెకు చికిత్స ఇవ్వలేదు; తరువాత మరో రక్తపరీక్షలో అంకె చాలలేదని చెప్పి అవసరానికి మించిన మోతాదు ఇచ్చారు. రెండు చోట్లా కాగితం మీది అంకెకు దక్కిన గౌరవం ఎదురుగా కూర్చున్న మనిషి మాటకు దక్కలేదు. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలను మార్చాను.

ఆమె తనతో పాటు ఒక పొడవాటి పద్దుల పుస్తకం తెచ్చారు. అందులో జమాఖర్చుల గళ్లలోనే తేదీ, సమయం, లక్షణం, ఎంతసేపు ఉన్నదీ వరుసగా రాసుకున్నారు. పగటి ఆవిర్లు (ఒంట్లో ఒక్కసారిగా పుట్టే వేడి, చెమటలు) నీలం సిరాతో, రాత్రివి ఎర్ర సిరాతో ఉన్నాయి. ఒకే రాత్రి కింద 12.50, 2.40, 4.15 అని మూడు ఎర్ర పద్దులు, వాటి పక్కన "దిండు గలీబు మార్చాను" అన్న మాట కనిపించాయి. ఈ పుస్తకాన్ని అంతకుముందు ఎవరికైనా చూపించారా అని అడిగాను. "రెండు చోట్లకూ తీసుకువెళ్లాను డాక్టర్ గారూ. ఎవరూ తెరవలేదు," అన్నారు.

ఆ పుస్తకం ప్రకారం కథ 46వ ఏట మొదలైంది. అంతవరకు నెలనెలా లెక్క తప్పని నెలసరి ఒకసారి 23 రోజులకు, ఒకసారి 50 రోజులకు రావడం మొదలైంది. ఛాతీ దగ్గర పుట్టిన వేడి మెడ మీదుగా ముఖానికి పాకేది, నాలుగైదు నిమిషాలు చెమటలు పోసేవి, ఆ వెంటనే ఒళ్లు చల్లబడి వణుకు వచ్చేది. నిద్ర చెడింది. రోజూ చూసే లెక్కల్లో కూడిక తప్పు పోవడంతో ఉద్యోగం నిలుస్తుందా అన్న భయం పట్టుకుంది. "కోపం వస్తే ఆపుకోలేను, ఏడుపు వస్తే ఎందుకో తెలియదు, నా మనసు నా చేతిలో లేదు," అని ఆమె అప్పటి రోజుల గురించి చెప్పారు.

మొదట సంప్రదించిన వైద్యుడు అండాశయాలను ప్రేరేపించే హార్మోన్ అయిన ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్ష చేయించారు. ఫలితం 11 యూనిట్లు వచ్చింది. అది మెనోపాజ్ కాదని, మానసిక ఒత్తిడి అని చెప్పి కుంగుబాటుకు, ఆందోళనకు వాడే ఎస్సిటాలోప్రామ్ రాసిచ్చారు. ఆ మందు పూర్తిగా పొరపాటని నేను అనను. ఆ తరగతి మందులు కొందరిలో ఆవిర్లను కొంతమేర తగ్గిస్తాయి, హార్మోన్లు వాడకూడని వారికి అవి నిజంగా పనికివస్తాయి. పొరపాటు రోగ నిర్ధారణలో జరిగింది. అండాశయాలలో అండాల నిల్వ తగ్గేకొద్దీ పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్‌ను ఎక్కువగా విడుదల చేస్తుందన్నది నిజమే. అయితే నెలసరి పూర్తిగా ఆగకముందు ఉండే ఈ సంధికాలంలో ఆ పెరుగుదల తిన్నగా సాగదు. ఒక నెల అండం విడుదలవుతుంది, మరో నెల కాదు; ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ ఒక వారం అడుగంటి, మరో వారం యవ్వనంలోకన్నా ఎక్కువగా ఉండవచ్చు. ఏ రోజు రక్తం తీశామన్నదాన్ని బట్టే అంకె మారిపోతుంది. అందుకే 45 దాటిన స్త్రీలో నెలసరి తీరు, లక్షణాలు చూసి నిర్ధారించాలని, ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్ష అవసరం లేదని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2015లోనే మార్గదర్శకాలలో స్పష్టం చేసింది. 40 ఏళ్లు నిండకముందే ఈ లక్షణాలు కనిపిస్తే మాత్రం పరీక్ష తప్పనిసరి. అప్పుడు కూడా ఒక్కసారి చాలదు, 4 నుంచి 6 వారాల ఎడంతో రెండుసార్లు చూడాలి.

ఏడాదిన్నర గడిచినా ఉపశమనం లేకపోవడంతో ఆమె సొంత ఖర్చుతో ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లారు. అక్కడ పరిస్థితి తలకిందులైంది. మొదటిరోజే ఒక ప్యాకేజీ కింద రక్తంలోను లాలాజలంలోను కలిపి ఇరవైకి పైగా పరీక్షలు చేశారు. లాలాజలంలో హార్మోన్ల కొలత ఆధారంగా మోతాదు నిర్ణయించడానికి నమ్మదగిన శాస్త్రీయ ఆధారం లేదు. ఆ తరువాత చర్మానికి రాసుకునే ఈస్ట్రడయాల్ (ఈస్ట్రోజెన్‌లో ఒక రకం) జెల్, రాత్రిపూట మింగవలసిన 200 మిల్లీగ్రాముల మైక్రోనైజ్డ్ ప్రొజెస్టరాన్ (మరో స్త్రీ హార్మోన్) క్యాప్సూల్ నెలకు 12 రోజులపాటు ఇచ్చారు. ఈ మందుల ఎంపికలో దోషం లేదు. నేనైనా అవే రాసేవాడిని. దోషమంతా ఆ తరువాత జరిగింది.

క్యాప్సూల్ వేసుకున్న రోజుల్లో పగలంతా మత్తుగా, తల బరువుగా ఉంటోందని ఆమె ఫోన్‌లో చెప్పారు. ఎప్పుడు వేసుకుంటున్నారని ఎవరూ అడగలేదు. నేను అడిగితే తెలిసింది: మరిచిపోతానేమోనన్న భయంతో ఉదయం మిగతా మాత్రలతో కలిపి వేసుకునేవారు. నోటి ద్వారా తీసుకున్న ప్రొజెస్టరాన్ శరీరంలో విడిపోయినప్పుడు పుట్టే అల్లోప్రెగ్ననలోన్ అనే పదార్థం మెదడులో నిద్రమందులాగే పనిచేస్తుంది. పడుకునేముందు వేసుకొమ్మని చెప్పేది అందుకే, రాత్రిపూట అది మేలు కూడా చేస్తుంది. ఈ ఒక్క ప్రశ్నతో తీరిపోయే సమస్యకు ఆ క్లినిక్ వారు క్యాప్సూల్‌ను ఆపించి, ప్రత్యేకంగా కలిపి తయారుచేయించిన ప్రొజెస్టరాన్ క్రీమ్‌ను చర్మానికి రాసుకొమ్మన్నారు. "సహజమైనది" అని దానికి పేరు. గర్భాశయం ఉన్న స్త్రీకి ఈస్ట్రోజెన్ ఇచ్చినప్పుడు ప్రొజెస్టరాన్ ఇచ్చేది గర్భాశయం లోపలి పొర అదుపు లేకుండా పెరగకుండా కాపాడటానికి. చర్మం మీద రాసే క్రీమ్ నుంచి ఆ రక్షణకు సరిపడినంత మందు లోపలికి చేరదు. అంటే ఆ రోజు నుంచి ఆమె వాస్తవంగా ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడుతున్నట్లు లెక్క.

ఇక మోతాదు. రక్తంలో ఈస్ట్రడయాల్ స్థాయి "ఆశించినంత లేదు" అని రోజుకు రెండు పంపుల (సీసా మూతను ఒకసారి నొక్కితే వచ్చేది ఒక పంపు) జెల్‌ను రెండో నెలలో నాలుగుకు, అయిదో నెలలో ఆరుకు పెంచారు. ఒక్కో పంపులో 0.75 మిల్లీగ్రాముల ఈస్ట్రడయాల్ ఉండే ఆ జెల్‌కు అనుమతించిన గరిష్ఠ మోతాదు సాధారణంగా రోజుకు నాలుగు పంపులు. పుస్తకంలో చూస్తే రెండో నెల చివరికే పగటి ఆవిర్లు సగానికి తగ్గాయి, మూడో నెలలో ఎర్ర సిరా పద్దులు వారానికి రెండో మూడో మాత్రమే ఉన్నాయి. అంటే మోతాదును ఆరుకు పెంచే నాటికి లక్షణాలు అదుపులోనే ఉన్నాయి.

జెల్ ఎలా రాసుకుంటారో చూపించమన్నాను. ఆమె ఎడమ మణికట్టు దగ్గర నాలుగు వేళ్ల మేర చోటులో మొత్తం మందు వేసుకున్నట్లు, తడి ఆరేదాకా రుద్దినట్లు చూపించారు. రాసుకున్న అయిదు నిమిషాలకే స్నానానికి వెళతానన్నారు. జెల్‌ను భుజం నుంచి మోచేతి వరకు బయటివైపుగానీ, తొడ లోపలివైపుగానీ విశాలంగా పలుచగా పూయాలి, రుద్దకుండా ఆరనివ్వాలి, కనీసం గంటసేపు ఆ చోటును కడగకూడదు. ఇరుకు చోటులో రుద్ది వెంటనే కడిగితే మందులో చాలా భాగం నీటిపాలవుతుంది. పైగా ఒకసారి రక్తం తీసింది జెల్ రాసిన ఆ చేతి నుంచే. చర్మం మీద మిగిలిన మందు సూదికి అంటి అంకె అబద్ధంగా పెరగడం తెలిసిన విషయమే. ఆ నెల ఫలితం ఒక్కసారిగా ఆకాశాన్నంటింది, మరుసటి నెల మళ్లీ పడిపోయింది. ఆ ఎగుడుదిగుళ్లను ఆమె శరీర తత్వంగా భావించి మోతాదును సవరిస్తూ పోయారు.

ఏడో నెలలో రక్తస్రావం మొదలైంది. కొత్తగా హార్మోన్లు మొదలుపెట్టిన మూడు నుంచి ఆరు నెలల్లో కొద్దిపాటి అకాల స్రావం సాధారణమే, అందుచేత ఆ క్లినిక్ వారు భయపడవద్దని చెప్పడంలో కొంత న్యాయం ఉంది. కానీ ప్యాడ్లు గంటకొకటి మార్చవలసి వచ్చే స్రావాన్ని, గడ్డలతో కూడిన స్రావాన్ని ఆ లెక్కలో వేయకూడదు. 19వ రోజున ఆమె నా దగ్గరకు వచ్చినప్పుడు కనురెప్పల లోపలిభాగం పాలిపోయి ఉంది, మెట్లెక్కితే గుండె దడ అన్నారు. ముందుగా గర్భ పరీక్ష చేశాను. ఆమె ఆశ్చర్యపోయారు గాని, సంధికాలంలో గర్భం రావడానికి అవకాశం ఉంటుంది, మెనోపాజ్‌కు ఇచ్చే మామూలు హార్మోన్ చికిత్స గర్భనిరోధకం కాదు. ఫలితం నెగటివ్. హిమోగ్లోబిన్ 9.2, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెర్రిటిన్ 8, రెండూ తక్కువే; థైరాయిడ్ మామూలుగానే ఉంది. స్కానింగ్‌లో గర్భాశయం లోపలి పొర 15 మిల్లీమీటర్ల మందం ఉంది; గడ్డలు లేవు, అండాశయాలు బాగున్నాయి. ఆ రోజే సన్నని గొట్టంతో లోపలి పొర ముక్కను తీసి బయాప్సీకి పంపాను. జెల్, క్రీమ్ రెండూ ఆపించి, స్రావం ఆగడానికి పది రోజులు ప్రొజెస్టరాన్‌లా పనిచేసే నోరెథిస్టరోన్ మాత్రలు, రక్తహీనతకు రోజు విడిచి రోజు ఐరన్ ఇచ్చాను.

వారం తరువాత వచ్చిన నివేదికలో పొర అతిగా పెరిగిందని, అయితే కణాలలో క్యాన్సర్ వైపు దారితీసే వికృతి లేదని ఉంది. ఆమె తన సోదరిని వెంటబెట్టుకుని వచ్చారు.

"క్యాన్సరా డాక్టర్ గారూ?"

"కాదండీ. పొర మందంగా పెరిగింది. అణచి ఉంచే మందు అందక పెరిగింది. ఆ మందు అందిస్తే తగ్గుతుంది. ఇలాంటి మార్పు 20 ఏళ్లలో క్యాన్సర్‌గా మారే అవకాశం నూటికి అయిదు కన్నా తక్కువ. అయినా తగ్గిందని రూఢి అయ్యేదాకా మళ్లీ మళ్లీ చూస్తాను."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగిన ప్రశ్న నన్ను కదిలించింది: "అయితే ఇక ఈ ఆవిర్లతోనే బతకాలా?" జెల్ ఆపిన ఆ కొద్ది రోజుల్లోనే రోజుకు పన్నెండు ఆవిర్లు తిరిగి వచ్చాయి. తప్పుడు పద్ధతిలో ఇచ్చిన చికిత్స వల్ల నష్టపోయిన మనిషికి సరైన పద్ధతిలోనూ ఆ చికిత్స అందకుండా పోవడం నాకు న్యాయంగా తోచలేదు. ఇటువంటి సందర్భాల్లో హార్మోన్లను పూర్తిగా ఆపేయడమే క్షేమమని తలచే వైద్యులు ఉన్నారు. వారి జాగ్రత్తను అర్థం చేసుకోగలను. కాని లోపలి పొరకు రక్షణ సరిగా అమర్చగలిగినప్పుడు ఆపవలసిన అవసరం లేదన్నది నా అభిప్రాయం.

ఆ రోజు ముప్పావుగంట మాట్లాడాం. ఆమె తల్లికి 71వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. హార్మోన్ చికిత్స మీద అమెరికాలో జరిగి 2002లో ఆగిపోయిన డబ్ల్యూహెచ్‌ఐ (ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్) అధ్యయనం గురించి ఆమె సోదరి ఎక్కడో చదివి "హార్మోన్లంటే క్యాన్సరే" అన్నారు. ఆ భయాన్ని కొట్టిపారేయలేదు, లెక్క చెప్పాను. 16,608 మంది పాల్గొన్న ఆ అధ్యయనంలో స్త్రీల సగటు వయసు 63. గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్‌కు, ప్రొజెస్టరాన్‌లా పనిచేసే కృత్రిమ మందు మెడ్రాక్సీప్రొజెస్టరాన్ కలిపిన మాత్రలు ఇచ్చారు. ఏడాదికి 10,000 మందిలో మందు వాడని వారిలో 30 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తే, వాడిన వారిలో 38 మందికి వచ్చింది. 2019లో లాన్సెట్ పత్రికలో వెలువడిన పెద్ద విశ్లేషణ ఇంకొంచెం కఠినంగా చెప్పింది: 50వ ఏట మొదలుపెట్టి అయిదేళ్లపాటు రోజూ రెండు హార్మోన్లూ కలిపి వాడిన ప్రతి 50 మందిలో, తరువాతి కాలం కూడా కలుపుకుని 20 ఏళ్లలో ఒకరికి అదనంగా రొమ్ము క్యాన్సర్ వస్తుంది. ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసి ఇచ్చాను. వృద్ధాప్యంలో ఒక్క బంధువుకు వచ్చిన రొమ్ము క్యాన్సర్ చికిత్సకు అడ్డంకి కాదని, తనకే ఆ జబ్బు వచ్చి ఉంటే మాత్రం సాధారణంగా హార్మోన్లు ఇవ్వనని చెప్పాను. రక్తం గడ్డకట్టే ప్రమాదం మాత్రలతో పెరుగుతుంది, ఎందుకంటే మింగిన ఈస్ట్రోజెన్ ముందుగా కాలేయానికి వెళ్లి గడ్డకట్టించే పదార్థాలను పెంచుతుంది. చర్మం ద్వారా సాధారణ మోతాదులో ఇచ్చినప్పుడు ఆ పెరుగుదల కనిపించలేదు.

హార్మోన్లు వద్దనుకుంటే వేరే మార్గాలూ ఉన్నాయని చెప్పాను. మెదడులో ఉష్ణోగ్రతను నియంత్రించే చోట న్యూరోకినిన్ బి అనే పదార్థం ఇచ్చే సంకేతాన్ని అడ్డుకునే ఫెజోలినెటంట్ అనే మందుకు అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది. దాన్ని వాడేవారు కాలేయ పరీక్షలు క్రమంగా చేయించుకోవాలి. ఆలోచనా విధానం మీద పనిచేసే సీబీటీ చికిత్స ఆవిర్ల బాధను, నిద్రలేమిని తగ్గిస్తుంది. ఆమె రెండు రోజులు గడువు అడిగారు. ఇచ్చాను. తిరిగి వచ్చి హార్మోన్లే కావాలన్నారు.

ప్రొజెస్టరాన్‌లా పనిచేసే లెవోనార్జెస్ట్రెల్ 52 మిల్లీగ్రాములు ఉండి, దాన్ని కొద్దికొద్దిగా విడుదల చేసే ఐయూఎస్ అనే చిన్న సాధనాన్ని గర్భాశయంలో అమర్చాను. పెరిగిన పొరకు అదే చికిత్స, వాడబోయే ఈస్ట్రోజెన్‌కు అదే రక్షణ, గర్భనిరోధకం కూడా అదే; మరిచిపోవడానికి మాత్రలు ఉండవు. దానితో పాటు వారానికి రెండుసార్లు మార్చే 50 మైక్రోగ్రాముల ఈస్ట్రడయాల్ ప్యాచ్ (చర్మానికి అంటించే మందు పట్టీ) పెట్టాను. రక్తంలో ఈస్ట్రడయాల్ పరీక్ష చేయించలేదు. ఆమెకు అది నచ్చలేదు. లెక్కలు చూసే మనిషి, కొలత లేకుండా మందు ఎలా అని అడిగారు. "మీ పుస్తకమే మన కొలత," అన్నాను. మోతాదు పెంచినా లక్షణాలు తగ్గకపోతే మందు లోపలికి చేరుతోందా లేదా తెలుసుకోవడానికి ఆ పరీక్ష ఉపయోగపడుతుంది. లక్షణాలు తగ్గిన మనిషిలో అంకెను వెంటాడటానికి కాదు.

మూడు నెలలకు ఆవిర్లు రోజుకు రెండు మూడుకు దిగాయి. చుక్కలు చుక్కలుగా స్రావం ఉంది. ఐయూఎస్ పెట్టిన తొలి నెలల్లో అది మామూలే. అయితే వారంలో చివరి రెండు రోజులు ఎర్ర సిరా పద్దులు ఎక్కువగా ఉండటం గమనించాను. ప్యాచ్‌ను పొట్ట మీద, నడుము పట్టీ ఒరుసుకునే చోట అంటించుకుంటున్నారు. అంచులు లేచిపోయి ఉన్నాయి. పిరుదు పైభాగానికి మార్చమన్నాను. మరుసటి నెలకు ఆ పద్దులు పోయాయి, మోతాదు పెంచవలసిన పని పడలేదు. నీరసం, దడ, ఏకాగ్రత లేకపోవడంలో సగానికి పైగా ఫెర్రిటిన్ 40 దాటాక తగ్గాయి. అవన్నీ హార్మోన్ల లోపమేనని పాత క్లినిక్‌లో టెస్టోస్టెరాన్ అనే హార్మోన్ కూడా ప్రతిపాదించారట. దానికి ఆధారం ఉన్నది మెనోపాజ్ తరువాత లైంగికాసక్తి తగ్గి బాధపడే వారి విషయంలో మాత్రమేనని 2019లో అంతర్జాతీయ నిపుణుల ఉమ్మడి ప్రకటన తేల్చింది. నీరసానికి, మతిమరుపుకు కాదు.

ఇక్కడ నా లోపం ఒకటి ఉంది. ఆరో నెలలో వచ్చినప్పుడు, గది తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి, మూత్రంలో మంట తరచుగా వస్తోందని, దాంపత్యం ఏడాదిగా నొప్పితో కూడుకున్నదైందని తలవంచుకుని చెప్పారు. నేను మొదటిరోజే అడగవలసిన ప్రశ్న అది. రక్తస్రావం మీద దృష్టి ఉండటంతో అడగలేదు, ఆమె అంతట ఆమె చెప్పుకోలేకపోయారు. యోని, మూత్రనాళం పొరలు ఈస్ట్రోజెన్ లేక పలచబడటం వల్ల వచ్చే ఈ ఇబ్బంది ఆవిర్లలా కాలంతో తగ్గదు, ముదురుతుంది. ప్యాచ్ ఉన్నా కొందరికి అక్కడ చాలదు. 10 మైక్రోగ్రాముల ఈస్ట్రడయాల్ యోని మాత్ర రెండు వారాలు ప్రతి రాత్రి, ఆ తరువాత వారానికి రెండుసార్లు ఇచ్చాను. రక్తంలోకి చేరేది చాలా స్వల్పం కాబట్టి దీర్ఘకాలం వాడవచ్చు. అప్పటి నుంచి మొదటి సందర్శనలో ఆవిర్ల తరువాత రెండో ప్రశ్నగా దీన్నే అడుగుతున్నాను.

ఆరో నెల బయాప్సీలో పొర మామూలు స్థితికి వచ్చింది. పన్నెండో నెల బయాప్సీ కూడా అదే చెప్పింది. వరుసగా రెండు నివేదికలు బాగుంటే తప్ప ముగిసినట్లు కాదని ముందే చెప్పి ఉన్నందున రెండోదానికి ఆమె వెనుకాడలేదు. ప్రతిసారీ చికిత్స వివరాలతో ఒక లేఖ రాసి ఆమెకు ఇచ్చాను, ప్రతిని ఆమె మొదటి వైద్యుడికి పంపాను. ప్రైవేటు క్లినిక్‌లో జరిగింది ప్రైవేటు క్లినిక్ గోడల మధ్యే ఉండిపోవడం ఈ కేసులో పెద్ద ప్రమాదం తెచ్చింది. మొదటి వైద్యుడికి ఆమె ఆరు పంపుల జెల్ వాడుతున్నట్లే తెలియదు.

సొంత డబ్బుతో ఈ చికిత్సకు వెళ్లేవారు నన్ను సలహా అడుగుతుంటారు. పరీక్షల జాబితాతో మాట మొదలుపెట్టే చోట జాగ్రత్తగా ఉండమని, గర్భాశయానికి రక్షణ ఏమిటో స్పష్టంగా చెప్పమని వైద్యుణ్ని అడగమని, రక్తస్రావం వస్తే ఏం చేస్తారో ముందే తెలుసుకొమ్మని చెబుతాను. మూడో నెలలో మళ్లీ చూస్తారా అన్నది అన్నిటికన్నా ముందు అడగవలసింది. మొదటి చీటీ రాయడానికి పది నిమిషాలు చాలు. ప్యాచ్ అంచు లేచిందని, క్యాప్సూల్ పొద్దున వేసుకుంటున్నారని తెలిసేది తరువాతి సందర్శనల్లోనే.

ఆమె ఇప్పుడు ఏడాదికొకసారి వస్తున్నారు. కిందటిసారి పుస్తకం తేలేదు; ఆవిర్లు వారానికి ఒకటో రెండో ఉంటే రాయడం మానేశానన్నారు. ఆమె ఫైలు అట్ట మీద రెండు తేదీలు రాసి ఉంచాను: ఒకటి తరువాతి మామోగ్రామ్‌ది (రొమ్ము ఎక్స్‌రే), రెండోది అయిదేళ్లు నిండాక ఐయూఎస్ మార్చవలసినది.